అసంకల్పిత ప్రతీకార చర్య

షెఫీల్డ్‌లో ఆరో అంతస్తు, నరాల వార్డు.
కిటికీ అవతల ట్రామ్ మూలుగుతూ కొండెక్కుతోంది.
నా జేబులో రబ్బరు తల సుత్తి.

మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని మిస్టర్ ఒలరెన్‌షా.
నలభై ఏళ్లు కత్తులకు సానపట్టిన మనిషి.
తిరిగే రాయికి ఉక్కును ఎంత ఆనించాలో
నా వేళ్లకు తెలుసు, నాకు తెలీదు అంటాడు.
మూడు నెలల కింద రెండు రోజులు కడుపు పాడైంది.
అది తగ్గింది.
ఆ క్రిములతో పోరాడిన సొంత సైన్యమే
తిరుగుదారిలో ఇంటిని గుర్తుపట్టక
నరాల తొడుగులు ఒలిచేసింది.
తీగ ఉంది, మీద రబ్బరు లేదు.
కబురు బయల్దేరుతుంది,
ఇసుకలో పోసిన చెంబెడు నీళ్లలా
దారిలోనే ఇంకిపోతుంది.

ప్రతి మంగళవారం మోకాలి చిప్ప కింద కొడతాను.
ఏమీ ఉండదు.
"తలుపు కొట్టారు, ఇంట్లో ఎవరూ లేరు" అంటాడు.
నేను చార్టులో సున్నా వేస్తాను.
పదకొండు సున్నాలయ్యాయి.

పదో తరగతిలో మా కూర్మారావు మాస్టారు
కంపాసు మొనతో చేతి మీద చురుక్కుమనిపించేవారు.
చెయ్యి దానంతటదే వెనక్కి పోయేది.
"మెదడును అడిగి తీశావా?"
లేదండి.
"మరెవరు తీయమన్నారు?"
వెన్నుపామండి.
పాము అనగానే వెనక బెంచీలో నవ్వు.
బోర్డు నిండా రాశారు: అసంకల్పిత ప్రతీకార చర్య.
ప్రతీకారమా, ఎవరి మీదండీ అని అడిగాను.
బెల్లు కొట్టేశారు.

ఇప్పుడైతే కొంత చెప్పగలను.
సుత్తి తాకితే తొడ కండరం వెంట్రుకవాసి సాగుతుంది.
లోపల కాపలా ఉన్న చిన్న కదురు కేకేస్తుంది.
కేక నడుము దాకా పోతుంది, అక్కడ ఒకే ఒక్క మలుపు,
పక్క దారినే జవాబు దిగొస్తుంది.
నరం వెళ్లి కండరాన్ని ముట్టుకోదు.
మధ్యలో సన్నని వాగు.
ఆ ఒడ్డున కొన్ని చుక్కలు రాలుస్తుంది,
ఈ ఒడ్డున తలుపులు తెరుచుకుంటాయి,
లోపల వేల చేతులు ఒక్కసారే తాడు పట్టి లాగుతాయి.
లాగిన తాడును వదలడానికీ ఖర్చుంది.
కూలి అందితేగానీ ఏ చెయ్యీ వదలదు.
కూలి ఆగిన ఒళ్లు ఎందుకు కొయ్యబారుతుందో
రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు.
మెదడుకు మాత్రం ఈ గొడవంతా
మర్నాడు పేపర్లో చదివినట్టు తెలుస్తుంది.

ఈ మంగళవారం వాన.
"వేళ్లకు వేళ్లు కొక్కెంలా తగిలించి లాగండి,
నా వంక చూడకండి" అన్నాను.
మనసు ఇంకోచోట ఉంటే వెన్ను కాస్త చొరవ చేస్తుంది,
ఆఫీసరు సెలవు పెట్టిన రోజు గుమాస్తాలా.
ఆయన ట్రామ్ కేసి చూస్తూ
మోరీన్ కొన్న కొత్త చాకు సంగతి ఎత్తుకున్నాడు:
పదునా అది, వెన్న కూడా దాన్ని చూసి

కొట్టాను.

కాలు లేచింది.
నా ముంజేతికి ఫెడీమని తగిలింది.
సుత్తి మంచం కిందికి దొర్లింది.
కాలు దిగింది.
అప్పుడు, ఆ తర్వాతే,
"అయ్యో, సారీ లవ్!"

తన్నింది ఒకరు, క్షమాపణ అడిగింది ఇంకొకరు.
ఇద్దరూ ఒకే పైజమాలో ఉన్నారు.

ఆయన తన మోకాలిని
రైలు దిగిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు.
"అది నేను కాదు" అన్నాడు.
కాసేపాగి, "మళ్లీ కొట్టండి" అన్నాడు.

సుత్తి కోసం మంచం కింద దూరాను.
దుమ్ములో మోకాళ్ల మీద ఉండగా
మాస్టారు చెప్పని జవాబు తట్టింది:
పదకొండు సున్నాల మీదండీ.

బయటికొచ్చి పన్నెండో గడిలో
ఒక కూడిక గుర్తు పెట్టాను.
గీత కొంచెం వంకరపోయింది.
అదీ నేను కాదు.